కీమో నడుమ పుట్టగొడుగు క్యాప్సూళ్లు: గుంటూరు శ్రోత ప్రశ్న

వ్యాఖ్యాత: విజయవాడ స్టూడియోలో క్యాన్సర్ వైద్యులు మనతో ఉన్నారు. గుంటూరు నుంచి ఫోన్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరుగారూ. అరండల్‌పేట నుంచి మాట్లాడుతున్నాను. మా అత్తయ్యగారికి రొమ్ము క్యాన్సర్. మూడు విడతల కీమో అయింది. మా మరిది రేషి పుట్టగొడుగు సారం క్యాప్సూళ్లు పంపాడు. కణితిలో వాపు తగ్గుతుందట. పది రోజులుగా వేస్తున్నాను.

డాక్టర్: ఆ మాటకు ఆధారం లేకపోలేదమ్మా. కణితుల్లో తెల్లరక్తకణాలు చేరడాన్ని, అంటే వాపు జాడను, జర్మన్ వైద్యుడు విర్కో 1863లోనే గుర్తించారు. చాలా కణితులు మానని పుండు లాంటివి. లోపల వాపు రగులుతూనే ఉంటుంది, క్యాన్సర్ కణాలకు అదే ఎరువు. ఆ వాపును నడిపే సంకేతాలను రేషి సారం అణచడం ప్రయోగశాలలో పెంచిన కణాల్లో కనిపించింది. గాజు పళ్లెంలో కణాలు వేరు, మంచం మీద మనిషి వేరు.

శ్రోత: జపాన్‌లో ఆస్పత్రుల్లోనే ఇస్తారని మా మరిది అన్నాడు.

డాక్టర్: అది వేరే పుట్టగొడుగు. షిటాకే నుంచి తీసిన లెంటినాన్ ఇంజెక్షన్‌కు అక్కడ 1985లో అనుమతి ఇచ్చారు. కడుపు క్యాన్సర్‌కు, అదీ కీమోకు తోడుగా. శుద్ధిచేసి, మోతాదు కట్టిన మందు అది. మీ సీసా మీద బీటా గ్లూకాన్, అంటే పుట్టగొడుగుల్లో ఉండే లెంటినాన్ లాంటి పదార్థం, ఎంతుందో రాశారా?

శ్రోత: ఉండండి, చూస్తాను... లేదండీ. ఆకుపచ్చ అక్షరాలతో ‘సహజం’ అని ఉంది, అంతే.

డాక్టర్: ఆవిడ ఇంకా ఏ మందులు వాడుతున్నారు?

శ్రోత: గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పలుచబడే మాత్ర రోజూ వేసుకుంటారు. అన్నట్టు, మొన్న సెలైన్ సూది గుచ్చిన చోట మణికట్టు దాకా నల్లగా కమిలింది. నాలుగు రోజులైనా తగ్గలేదు.

డాక్టర్: అమ్మా, ఇది చాలా ముఖ్యం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను కీమో తగ్గిస్తుంది. గుండె మాత్ర రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వదు. రేషికీ ఆ గుణం ఉండవచ్చు. మూడూ ఒకే ఒంట్లో పడుతున్నాయి. క్యాప్సూళ్లు ఇప్పుడే ఆపండి. గుండె మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఫోన్ పెట్టగానే ఆవిడకు చికిత్స చేస్తున్న డాక్టరుతో మాట్లాడి, ఈ రోజే ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా ఉన్నా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

శ్రోత: అలాగేనండీ. మా మరిది నొచ్చుకుంటాడేమో...

డాక్టర్: వదినగా మీకు ఇబ్బందైతే నేను వద్దన్నానని చెప్పండి. తల్లి మీద ప్రేమతోనే పంపారు, అందులో తప్పు లేదు. ఆవిడ పుట్టగొడుగుల కూర అడిగితే బాగా ఉడికించి పెట్టండి. ఆ సీసా పారేయకండి, మీ డాక్టరుకు చూపించాలి.