కెర్నల్ మాడ్యూల్‌కు మెమరీలో చోటు ఎక్కడ?

నమస్కారం. లినక్స్‌లో మాడ్యూల్‌ను, అంటే నడుస్తున్న కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) అదనంగా చేర్చే కోడ్‌ను, లోడ్ చేసినప్పుడు అది మెమరీలో ఎక్కడికి చేరుతుందో, అక్కడికే ఎందుకు చేరుతుందో ఈ వీడియోలో చూద్దాం. ప్రధానంగా 64 బిట్ ఎక్స్86 యంత్రాన్ని తీసుకుంటున్నాను.

ముందుగా టెర్మినల్‌లో ప్రాక్ డైరెక్టరీలోని మాడ్యూల్స్ ఫైల్‌ను రూట్‌గా తెరవండి. ప్రతి వరుసలో మాడ్యూల్ పేరు, సైజు వంటి వివరాల తర్వాత ఒక అడ్రస్ ఉంటుంది. మామూలు యూజర్‌గా తెరిస్తే అక్కడ అన్నీ సున్నాలే కనిపిస్తాయి. కెర్నల్ అడ్రస్‌లు బయటపడకుండా చేసిన ఏర్పాటు అది, కంగారు పడనక్కరలేదు. రూట్‌గా చూస్తే, కేఏఎస్ఎల్ఆర్ (కెర్నల్ అడ్రస్‌ను ప్రతి బూట్‌లో యాదృచ్ఛికంగా మార్చే ఏర్పాటు) ఉన్న కెర్నల్‌లో, ఎనిమిది ఎఫ్‌ల తర్వాత సి0 వంటి హెక్సాడెసిమల్ అంకెలతో సాగే అడ్రస్‌లు కనిపిస్తాయి. అంటే అవి మొత్తం అడ్రస్ స్పేస్‌లో చిట్టచివరి 2 జీబీలో, కెర్నల్ కోడ్‌కు పొరుగునే ఉన్నాయి.

అంత విశాలమైన అడ్రస్ స్పేస్‌ను వదిలి ఈ మూలకే రావడానికి కారణం ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో దొరుకుతుంది. మాడ్యూల్‌లోని కోడ్ ఒక కెర్నల్ ఫంక్షన్‌ను పిలిచే చోట కంపైలర్ సాధారణంగా 5 బైట్ల కాల్ ఇన్‌స్ట్రక్షన్‌ను పెడుతుంది: మొదటి బైటు ఇ8, మిగిలిన నాలుగింటిలో తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నుంచి ఆ ఫంక్షన్ దాకా ఉన్న దూరం. డిస్క్ మీది మాడ్యూల్ ఫైల్‌ను ఆబ్జ్‌డంప్ (మెషీన్ కోడ్‌ను చదవగలిగే రూపంలో చూపే టూల్) తో విప్పి చూడండి, ఆ నాలుగు బైట్లూ సున్నాలే. మాడ్యూల్ ఎక్కడ దిగుతుందో తేలాకే లోడర్ దూరాన్ని లెక్కగట్టి, రీలొకేషన్ దశలో వాటిని నింపుతుంది. ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి 32 బిట్లలో పట్టే దూరం ముందుకైనా వెనక్కైనా 2 జీబీయే కనుక, మాడ్యూల్ అంతకు మించి దూరం పోవడానికి వీల్లేదు. 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్లలో ఇలా వేరే చోటికి దూకే బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్ అందుకునేది 128 ఎంబీ మాత్రమే; లక్ష్యం అంతకంటే దూరంలో ఉంటే లోడర్ పీఎల్‌టీ అనే చిన్న కోడ్ ముక్కను మధ్యలో పెట్టి, దాని మీదుగా పంపుతుంది.

ఇదంతా వర్చువల్ అడ్రస్‌ల, అంటే కోడ్‌కు కనిపించే అడ్రస్‌ల సంగతి. ఫిజికల్ ర్యామ్‌లో మాడ్యూల్ ఉన్న ఈ మెమరీ పేజీలు పక్కపక్కనే ఉంటాయన్న హామీ లేదు. డ్రైవర్లు రాసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు: మాడ్యూల్‌లో స్టాటిక్ అర్రేగా ప్రకటించిన బఫర్‌ను డీఎంఏకు (పరికరం ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా ర్యామ్‌ను చదివే, రాసే పద్ధతికి) ఇవ్వకూడదు, కెర్నల్‌లో మెమరీ కేటాయించే కేమల్లాక్ వంటి ఫంక్షన్లతో విడిగా తీసుకోవాలి.

మాడ్యూల్ మొత్తం ఒకే ముక్కగా దిగుతుందని కూడా అనుకోవద్దు. 6.4 వెర్షన్ నుంచి కోడ్, డేటా, రీడ్ ఓన్లీ డేటా వంటి ఒక్కో రకానికి లోడర్ వేరుగా మెమరీ కేటాయిస్తోంది. ఇనిట్ అని, అంటే మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు మాత్రమే అవసరమని గుర్తుపెట్టిన కోడ్‌కూ డేటాకూ వేరే చోటు ఉంటుంది. ఇనిట్ ఫంక్షన్ విజయవంతంగా ముగిశాక కెర్నల్ ఆ మెమరీని వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి ఇనిట్ గుర్తున్న ఫంక్షన్ అడ్రస్‌ను ఏదైనా కాల్‌బ్యాక్‌గా (తర్వాత కెర్నల్ పిలవాల్సిన ఫంక్షన్‌గా) నమోదు చేసి ఉంటే, లోడ్ సాఫీగానే జరిగినట్టు కనిపించి, తర్వాత ఎప్పుడో ఆ కాల్‌బ్యాక్ నడిచినప్పుడు కెర్నల్ కూలిపోవచ్చు.