రైల్లో వీడియో తీయాలంటే పర్మిషన్ కావాలా?

రైలు అభిమానులందరికీ నమస్కారం. నేను లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. మీరు ప్లాట్‌ఫామ్ చివర నిలబడి వీడియో తీసే బండ్లను నడిపినవాణ్ణి. అందుకే ఈ విషయం మీద మాట్లాడమని పిలిచారు. టికెట్ కొనుక్కుని రైలెక్కినవాడు సరదాకి వీడియో తీసుకోవడానికి ఎవరినైనా అడగాలా అన్నది మీలో చాలామందికి ఉన్న అనుమానం.

ముందు చట్టం సంగతి. 1989 రైల్వే చట్టం తిరగేయండి. టికెట్ లేకుండా ఎక్కితే సెక్షన్ ఉంది. ఊరికే గొలుసు లాగితే ఉంది. ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కితే ఉంది, సిగరెట్ కాలిస్తే ఉంది. ఫోటో తీయడం, వీడియో తీయడం నేరమని మాత్రం అందులో ఎక్కడా లేదు. మరి 'ఇక్కడ కెమెరా వాడకూడదు, తెలుసా?' అని గద్దించే మాట ఎక్కడిది? 1923 నాటి అధికార రహస్యాల చట్టం పేరు చెబుతారు. ఆ చట్టం ప్రకారం కూడా రైలు మార్గం దానంతటదే నిషిద్ధ ప్రదేశం అయిపోదు. ఆ సమాచారం శత్రువుకు పనికొస్తుందని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే అవుతుంది. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. బోగీల మీద ట్యాంకులు, ట్రక్కులు ఎక్కించుకుని మిలటరీ స్పెషల్ వస్తే కెమెరా దించేయండి. అక్కడ వాదన వద్దు.

సినిమా షూటింగ్, వ్యాపార ప్రకటన అయితే లెక్క వేరు. జోన్ హెడ్ ఆఫీసులో, మనకైతే సికింద్రాబాద్ రైల్ నిలయంలో, అర్జీ పెట్టుకుని ఫీజు కట్టి అనుమతి తీసుకోవాలి. మరి ఛానెల్ పెట్టి నెలకు నాలుగు రూపాయలు వస్తున్న కుర్రాడి సంగతేమిటి? చిక్కంతా ఇక్కడే. నా ఉద్దేశం చెబుతాను. చేతిలో ఫోన్ పట్టుకుని, తన సీట్లోంచో, టికెట్ కొన్న ప్లాట్‌ఫామ్ మీద నుంచో తీసేవాడు అభిమానే. ఆ వీడియోకి తర్వాత యాడ్ వచ్చినంత మాత్రాన అతను సినిమా కంపెనీ అయిపోడు. లైట్లు, స్టాండు, నలుగురు మనుషులు, ఎవరో డబ్బు పెట్టి తీయించే పని అయితే మాత్రం అర్జీ పెట్టాల్సిందే.

ఇప్పుడు ఇంజిన్‌లోంచి చూద్దాం. సికింద్రాబాద్ నుంచి బల్లార్ష వైపు 2022 నుంచి గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు. రాత్రి పూట క్యాబ్‌లో లైటు ఉండదు. సిగ్నల్ కనబడగానే నేను 'డబుల్ ఎల్లో' అని చెయ్యెత్తి చెబుతాను, పక్కన అసిస్టెంటు అదే మాట తిరిగి చెబుతాడు. కళ్లు ఆ చీకటికి అలవాటుపడి ఉంటాయి. అలాంటప్పుడు ప్లాట్‌ఫామ్ చివర నుంచి ఒక ఫ్లాష్ కొడితే కాసేపు అంతా తెల్లగా అయిపోతుంది, తర్వాతి సిగ్నల్ వెతుక్కోవాలి. పట్టాల పక్కన మనిషి కనిపిస్తే ఇంకా టెన్షన్. దూకుతాడా, తప్పుకుంటాడా తెలియదు. బ్రేకు వేసినా బండి ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. హారన్ కొట్టడం తప్ప చేయగలిగింది లేదు. మీకు అది మంచి హారన్ షాట్. క్యాబ్‌లో ఉన్నవాడికి మాత్రం గుండె ఆగినంత పని.

సెల్ఫీ స్టిక్ గురించీ చెప్పాలి. పైన వైర్లో 25,000 వోల్టులు. తగలక్కర్లేదు, దగ్గరికెళితే చాలు. రెండు మీటర్ల లోపు పోకూడదని మాకు మొదట్లోనే నేర్పేవారు. ఫుట్‌బోర్డు మీద వేలాడితే 156వ సెక్షన్, పట్టాల మీదికి దిగితే 147. 2023 జూలైలో గోవాలోని దూద్‌సాగర్ జలపాతం చూడటానికి పట్టాల వెంట నడిచిపోయినవాళ్లను రైల్వే రక్షణ దళం, అంటే ఆర్పీఎఫ్, ఆపింది. పెట్టెలో కూర్చునే చూడండని నైరుతి రైల్వే అప్పుడు విజ్ఞప్తి చేసింది. 2024 నవంబర్‌లో రైల్వే బోర్డు ప్రమాదకరంగా రీల్స్ చేసేవాళ్ల మీద కేసులు పెట్టమని జోన్లకు చెప్పింది. ఆ ఆదేశం వచ్చింది కెమెరా మీద కోపంతో కాదు, ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పెట్టె లోపల తీసేది. తెల్లవారుజామున స్లీపర్ పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు ఫోన్ ఆన్ చేసుకుని నడుస్తారు, కోచ్ రివ్యూ అంటారు. సైడ్ లోయర్‌లో ఒకావిడ పసిపిల్లకు పాలిస్తూ కొంగు సర్దుకుంటుంది. మిడిల్ బెర్తులో ఒక అమ్మాయి దుప్పటి జారి నిద్రపోతుంటుంది. వాళ్లు టికెట్ కొన్నది ప్రయాణానికి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అది బెర్తులో పడుకున్న మనిషికీ వర్తిస్తుందని నేను నమ్ముతాను. 'అమ్మా, వీడియో తీసుకుంటున్నాను, మీకు అభ్యంతరమా?' అని అడగడానికి ఎంతసేపు? కాదంటే కెమెరా కిటికీ వైపు తిప్పండి. టీటీఈ, ప్యాంట్రీ కుర్రాడు కూడా మనుషులే, డ్యూటీలో ఉన్నవాళ్ల ముఖం మీద ఫోన్ పెట్టకండి.

ఇన్ని మాటలు చెప్పినా, మీరు తీయాలనే నా కోరిక. చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత నమూనా, మనం ఐసీఎఫ్ అనే ఆ నీలం రంగు పెట్టెల తయారీ 2018 జనవరితో ఆగిపోయింది. గుత్తి, మౌలాలి షెడ్ల ఆల్కో రకం పాత డీజిల్ ఇంజిన్లు నల్లటి పొగ వదులుతూ ఎత్తు ఎక్కే దృశ్యం ఇక రోజూ కనిపించదు. ఆ చప్పుడు ఈరోజు వినాలంటే మీలాంటివాళ్లు తీసి దాచిన వీడియోలే దిక్కు. రైల్వే దగ్గర ఇంజిన్ల రికార్డులు ఉంటాయి, వాటి గొంతు మీ దగ్గరే ఉంది.

ఎవరైనా ఆపితే టికెట్ చూపించండి, పేరు చెప్పండి. ఏ ఉత్తర్వు ప్రకారం ఆపుతున్నారని మర్యాదగా అడగండి. నేరం జరిగిందనే అనుమానం ఉంటే పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకోవచ్చు, కానీ దానికి కాగితం రాయాలి. వీడియో డిలీట్ చేయించే అధికారం రైల్వే చట్టంలో ఎవరికీ లేదు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌ని కూడా తప్పుపట్టలేం. అతని చేతికి రాసిన నియమం ఏదీ ఇవ్వకుండా, ఏమైనా జరిగితే నీదే బాధ్యత అంటే అతను మాత్రం ఏం చేస్తాడు? వద్దనడమే అతనికి క్షేమం.

బ్రిటన్‌లో పట్టాల బాగోగులు చూసే నెట్‌వర్క్ రైల్ అనే సంస్థ రైలు అభిమానులకు స్పష్టంగా రాసి పెట్టింది: స్టేషన్‌కి రండి, తీసుకోండి, ఫ్లాష్ మాత్రం వాడకండి, దారికి అడ్డం నిలబడకండి. అలాంటి బోర్డు మన స్టేషన్లలో తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పెట్టమని జనరల్ మేనేజర్‌కి అర్జీ రాశాను. ఏది తీయొచ్చు, ఏది కూడదు, ఛానెల్ ఉన్నవాళ్లు ఎప్పుడు అనుమతి అడగాలి, ఈ మూడూ అందులో ఉన్నాయి. కాపీలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. చదివి, మార్పులేమైనా ఉంటే పక్కన రాసి సంతకం పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.