పొయ్యికట్టెలు చీల్చే యంత్రం: టన్నుల కంటే ముందు చూడవలసినవి

సభకు నమస్కారం.

న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఆ ఇంటితో పాటు ఒక కట్టెల పొయ్యి కూడా దక్కింది. మొదటి ఏడాది దాన్ని ఇంటికి అలంకారమనుకుంటాం. నడి చలికాలంలో రెండు రోజులు కరెంటు రాకపోతే దాని విలువ తెలిసివస్తుంది. 2008 డిసెంబరులో గడ్డకట్టే వాన కురిసి, ఈ రాష్ట్రంలో 4 లక్షలకు పైగా ఇళ్లూ దుకాణాలూ చీకటిలో మునిగినప్పుడు, కొన్నిచోట్ల కరెంటు తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

ఇన్నేళ్లుగా కట్టెలు చీలుస్తున్నవాణ్ణని తెలిసినవారు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “ఎన్ని టన్నుల యంత్రం కొనమంటారండీ?” టన్నులంటే ఇక్కడ యంత్రం బరువు కాదు, అది మొద్దు మీద చూపే బలం. దుకాణంలో యంత్రం మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలలో కనిపించేది ఆ అంకే కనుక అలా అడగడం సహజం. అయితే ఆ అంకె దగ్గరకు వెళ్లేలోగా మీ పెరట్లో పడి ఉన్న మొద్దులను, ఏడాదికి మీరు కాల్చే కట్టెల కొలతను, పని చేసే మనిషి నడుమును చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు కొలత సంగతి. ఇక్కడ కట్టెలను కార్డు లెక్కన అమ్ముతారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున పేర్చిన దొంతర ఒక కార్డు, అంటే 128 ఘనపుటడుగులు. శని, ఆదివారాల్లో మాత్రమే పొయ్యి వెలిగించే ఇంటికి ఏడాదికి ఒక కార్డు చాలు. అంతమాత్రానికి యంత్రం కొనడం నాకు సబబుగా తోచదు. 8 పౌండ్ల చీల్చుడు గొడ్డలి ఒకటి, మొండి మొద్దుల కోసం ఒక ఇనుప మేకు, సమ్మెట ఉంటే రోజుకు అరగంట చొప్పున ఆ పని సాగిపోతుంది. మూడు కార్డులు దాటి కాల్చేవారికీ, భుజం నొప్పో నడుము నొప్పో ఉన్నవారికీ యంత్రం అవసరమే.

తర్వాత చెట్టు. మన ఊళ్లలో తుమ్మమొద్దుకూ సరుగుడు దుంగకూ గొడ్డలి దెబ్బలో ఎంత తేడా ఉంటుందో చిన్నప్పుడు చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ యాష్ చెట్టు నార నిటారుగా ఉంటుంది; మొద్దు అంచు మీద దెబ్బ పడగానే పెళుక్కున రెండవుతుంది. యాష్ చెట్లను చంపే, 2002లో మిషిగన్‌లో బయటపడ్డ పచ్చపురుగు 2013 నాటికి మన రాష్ట్రంలోనూ కనిపించింది. దాని దెబ్బకు ఎండిపోయిన యాష్ చెట్లు ఇప్పుడు చాలామంది పెరళ్లలో పొయ్యికి సిద్ధంగా ఉన్నాయి. ఎల్మ్ దీనికి పూర్తిగా ఎదురు. దాని నార అల్లుకుపోయి ఉంటుంది; చీలికబ్లేడు మొద్దు చివరిదాకా దిగిన తర్వాత కూడా రెండు ముక్కలు పీచుతో ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, గొడ్డలితో ఆ పీచు తెగ్గొట్టవలసి వస్తుంది. ఎర్ర ఓక్ బాగానే చీలుతుంది, చీలినచోట పుల్లని వాసన వేస్తుంది, కానీ బరువు విపరీతం: 20 అంగుళాల అడ్డుకొలత, 16 అంగుళాల పొడవు ఉన్న పచ్చి మొద్దు 80 కిలోలకు పైగా తూగుతుంది.

ఆ బరువు గుర్తుంచుకుంటే యంత్రం ఆకారం గురించి నేను చెప్పబోయేది తేలికగా అర్థమవుతుంది. అడ్డంగా మాత్రమే పనిచేసే యంత్రం మీదికి 80 కిలోల మొద్దును మీరే ఎత్తాలి. మొద్దు ఆనే ఇనుప దూలాన్ని నిలువుగా తిప్పుకోగల యంత్రమైతే మొద్దును నేల మీద దొర్లించుకుంటూ బ్లేడు కిందికి తెస్తే సరిపోతుంది. మీ మొద్దులు లావైనవైతే, నాలుగు టన్నులు తగ్గినా పరవాలేదు గాని, నిలువు సదుపాయాన్ని మాత్రం వదులుకోవద్దు.

ఇప్పుడు టన్నులు. హైడ్రాలిక్ యంత్రం, అంటే నూనె ఒత్తిడితో పిస్టన్‌ను తోసే యంత్రం; దాని బలమంటే ఆ ఒత్తిడిని పిస్టన్ ముఖ వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే. 4 అంగుళాల సిలిండరులో ఆ వైశాల్యం సుమారు 12.6 చదరపు అంగుళాలు. ఒత్తిడి చదరపు అంగుళానికి 3000 పౌండ్లయితే బలం దాదాపు 37,700 పౌండ్లు, అంటే 2000 పౌండ్ల అమెరికా టన్నుల్లో 19కి కాస్త తక్కువ. అదే ఒత్తిడికి 5 అంగుళాల సిలిండరు 29 టన్నులు దాటుతుంది. కాబట్టి 4 అంగుళాల సిలిండరు మీద 27 టన్నులని రాసి ఉంటే, అది ఏ ఒత్తిడి దగ్గర వేసిన లెక్కో అమ్మేవారిని అడగండి. మన ఇళ్లకు వచ్చే ఓక్, మేపుల్ మొద్దులకు నిజమైన 20 టన్నులుంటే సాధారణంగా పని జరిగిపోతుంది. ముడి ఉన్నచోట చీలకపోతే మొద్దును తిప్పి, అంచు నుంచి పేళ్లు తీసుకుంటూ లోపలికి రావాలి.

కరెంటుతో నడిచే 5, 6 టన్నుల చిన్న యంత్రాలను తక్కువగా చూడకండి. పొగ ఉండదు, చప్పుడు తక్కువ. నిటారు నార ఉన్న, పది పన్నెండు అంగుళాల మొద్దులకు అవి చక్కగా సరిపోతాయి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు తగిలిస్తే మాత్రం మోటారు వేడెక్కి చెడిపోతుంది. పెట్రోలు యంత్రాన్ని గరాజులో, తలుపు తెరిచి ఉంచినా సరే, నడపకూడదు. దాని పొగలో ఉండే ప్రాణాంతక వాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

బరువైన చక్రం తిరిగే ఊపుతో మొద్దును చీల్చే మరో రకం ఉంది. హైడ్రాలిక్ యంత్రానికి ఒక మొద్దుకు పది పదిహేను సెకన్లు పడితే దీనికి మూడు సెకన్లు చాలు. ఆ వేగంలో చెయ్యి చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు, అదే నాకు దాని మీద భయం; ఎందుకో చెబుతాను.

నాలుగేళ్ల కిందట పని త్వరగా తెమలాలని మా మేనల్లుడిని లీవరు దగ్గర నిలబెట్టి, మొద్దులు నేను సర్దాను. నేను చెయ్యి తీశాననుకుని వాడు లీవరు తోశాడు. గ్లవ్ కొస మొద్దుకూ అది ఆనే ఇనుప పలకకూ మధ్య చిక్కుకుంది; చెయ్యి లాక్కోగలిగాను గాని గ్లవ్ అక్కడే నలిగిపోయింది. తప్పు పిల్లవాడిది కాదు, ఇద్దరిని పెట్టిన నాది. మొద్దు పెట్టే చెయ్యీ లీవరు తోసే చెయ్యీ ఒక్క మనిషివే కావాలి. రెండు చేతులూ మీటల మీద ఉంటేనే కదిలే యంత్రం దొరికితే, వంద డాలర్లు ఎక్కువైనా దాన్నే తీసుకోండి. నూనె గొట్టం కారుతోందని అనుమానం వస్తే చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనెధార చర్మంలోకి దూసుకుపోతుంది, అప్పుడు గంటలు గడవకుండా శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. ఒక అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

రెండు మూడు కార్డుల వారికి నా సలహా అద్దె యంత్రం. వసంతంలో రెండు కుటుంబాలు కలిసి ఒక శనివారానికి తెచ్చుకుంటే ఇద్దరి కట్టెలూ అయిపోతాయి. పేళ్లు 3 నుంచి 6 అంగుళాల మందాన ఉంటే, వాటిలో తేమ 20 శాతం లోపుకు దిగేలా ఆరతాయి. అంతకు మించి తేమ ఉన్న కట్టె పొగ చిమ్ముతుంది, ఆ పొగ తారులా పేరుకుని పొగగొట్టంలో మంటలు లేస్తాయి. యాష్ ఈ వేసవిలో ఆరుతుంది. ఓక్ అయితే ఇప్పుడు చీల్చింది వచ్చే ఏటి చలికాలానికే.

వెనక ఆవరణలో మా 22 టన్నుల యంత్రాన్ని తెచ్చి నిలిపాను. దాని పక్కన ఒక యాష్ మొద్దు, ఒక ఎల్మ్ మొద్దు ఉన్నాయి. టీ తర్వాత రెండూ మీ ఎదుటే చీలుస్తాను. దయచేసి పిల్లలను తాడుకు ఇవతలే ఉంచండి.