అమ్మకి కళ్లు తిరగడం, మూడు నెలల బీపీ మెషీన్: నా రివ్యూ

నమస్తే అండి. టేబుల్ మీద కనిపిస్తున్నది ఇంట్లో వాడే బీపీ మెషీన్. అమ్మ కోసం మూడు నెలల క్రితం కొన్నాను. మాటిమాటికీ కళ్లు తిరిగేవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ అస్సలు పనికిరాదో ఇవాళ చెప్తాను.

మేం ఉండేది దిల్‌సుఖ్‌నగర్. అమ్మకి 68 ఏళ్లు. పొద్దున్నే మంచం దిగగానే "కళ్లు బైర్లు కమ్ముతున్నాయిరా" అని గోడ పట్టుకునేది. పైత్యం అనుకుని నిమ్మకాయ నీళ్లు తాగింది. మందుల షాపులో అడిగి తల తిరగడానికి మాత్రలు తెచ్చుకుని నెలన్నర వేసుకుంది. అలాంటి మాత్రలు చాలావరకు నాలుగు రోజుల ఉపశమనానికే. కొన్ని మత్తు కూడా తెప్పిస్తాయి. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోయింది. మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది, లేకపోతే తుంటి ఎముక విరిగేదే.

డాక్టర్ గారు మూడే అడిగారు. ఎప్పుడు వస్తోంది? ఏం చేస్తుంటే వస్తోంది? ఎంతసేపు ఉంటోంది? మా దగ్గర ఒక్కదానికీ సరైన జవాబు లేదు. అప్పుడు కొన్నాను ఈ మెషీన్.

చూసే పద్ధతి ఇది. ఐదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి. పక్కన మనిషి ఉండాల్సిందే. అమ్మ గాజులు పైకి తోసుకుని, పట్టీ బిగుస్తుంటే ఊపిరి బిగబట్టేది. "మామూలుగా ఉండమ్మా, మాట్లాడకు" అనేవాణ్ణి. పడుకున్నప్పుడు 142/84, నిలబడితే 116/70! పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. ఈ అంకెలు రాసిన కాగితం చూసి డాక్టర్ గారు అమ్మ వాడే బీపీ మాత్ర డోసు మార్చారు. మీరు మాత్రం సొంతంగా ఆపేయకండి.

లోపాలూ ఉన్నాయి. పట్టీ చేతికి చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, అందుకే చేతి చుట్టుకొలత చూసి కొనండి. మణికట్టుకి పెట్టే రకం నేనైతే కొనను. గుండె లయ సరిగా లేనివాళ్లకి అంకెలు నమ్మలేం. మొదటి వారం అమ్మ రోజుకి పదిసార్లు చూసుకుని ఆ టెన్షన్‌తోనే బీపీ పెంచుకుంది.

ఇక పక్కింటి పిన్ని సంగతి. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిల్లితే చాలు, అర నిమిషం పాటు గది గిర్రున తిరిగేది. మా మెషీన్‌లో చూస్తే 124/80. అది చెవి సమస్య మరి! లోపలి చెవిలో సన్నటి కాల్షియం రేణువులు ఉంటాయి. అవి ఉన్న చోటు నుంచి జారి, తల కదలికను పసిగట్టే గొట్టాల్లోకి చేరితే ఇలా అవుతుంది. దాన్ని బీపీపీవీ అంటారు. ఈఎన్‌టీ డాక్టర్ తలని ఒక క్రమంలో తిప్పుతూ పడుకోబెట్టి, ఆ రేణువుల్ని వెనక్కి పంపారు. ఎప్లీ పద్ధతి అంటారు దాన్ని. మన కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ఇలాంటివి అక్కడ చూపించుకోవచ్చు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం తోడైతే అస్సలు ఆలస్యం చేయకండి. రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా కూడా కళ్లు తిరుగుతాయి, వాటికి రక్తపరీక్షే దారి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఉన్నట్టుండి తల తిరిగి, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేక ఒక పక్కకి ఒరిగిపోతున్నా ఈ మెషీన్ ముట్టుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవి పక్షవాతం గుర్తులు కావచ్చు, అందులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. గుండెల్లో నొప్పితో కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా అంతే.

బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది కొనొచ్చు. దాంతోపాటు పది రూపాయల నోట్‌బుక్ కూడా కొనండి. అమ్మ ఇప్పుడు అందులో తారీఖు, టైము, ఏం చేస్తుంటే వచ్చిందీ రాసుకుంటోంది. నిన్నటి పేజీలో "ముగ్గు వేసి లేచాను, ఏం కాలేదు" అని ఉంది.