పిల్లల్ని తెర వెనక్కి పిలవండి

అందరికీ నమస్కారం. ఒకటి నుంచి ఐదు తరగతులకు పాఠం చెప్పే టీచర్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం అరుదు. అందుకే సూటిగా అడుగుతున్నాను. మీ బడికి తోలుబొమ్మలాట తెప్పించండి. సర్కస్ విద్యలు తెలిసినవాళ్లను పిలవండి. అయితే పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించి, ఫోటో దిగి పంపేస్తే మాత్రం సగం పనే చేసినట్టు.

మా బడికి మొదటిసారి బొమ్మలాట ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి వచ్చింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవార్లూ సాగే ఆటను నలభై నిమిషాల్లో ముగించమని అడిగాం. లంకాదహనం ఒక్కటే ఎంచుకున్నారు. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. ఆడించేవాళ్ల కాళ్ల కింద చెక్కపలకలు ఉంటాయి. హనుమంతుడు ఎగిరినప్పుడల్లా వాటిని టకటకా తొక్కుతుంటే ముందు వరసలో ఒకటో తరగతి పిల్లలు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

ఆట అయ్యాక అసలు పని మొదలైంది. పిల్లలందరినీ పదిమంది చొప్పున తెర వెనక్కి పంపాం. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, రంగులు వేసి, ఉలితో సన్నటి చిల్లులు కొడతారు. రావణుడి నగలు మెరిసింది ఆ చిల్లుల వల్లే అని తెలిశాక ఒక పిల్లాడు ప్రతి చిల్లులోంచీ దీపాన్ని చూశాడు. ఇంకొకడు బొమ్మను తెరకు ఆనించి, మెల్లగా వెనక్కి జరిపి, "సార్, పెద్దదైపోతోంది, మసగ్గా అవుతోంది" అని అరిచాడు. వెలుగునీడల పాఠం నేను బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. ఎప్పుడూ ఎవరూ అలా అరవలేదు.

రెండో తరగతిలో ఒక పాప ఉండేది. ఇంట్లో లంబాడీ మాట్లాడేది. బడిలో చేరి ఏడాది దాటినా మా ముందు నోరు విప్పలేదు. ఆ రోజు బంగారక్క బొమ్మ చేతికిచ్చారు. బంగారక్క, జుట్టు పోలిగాడు అంటే ఆట మధ్యలో వచ్చి నవ్వించే హాస్యపాత్రలు. తెర వెనక ఉంది కదా, ఎవరికీ కనపడదు. కొంచెం లంబాడీ, కొంచెం తెలుగు కలిపి జుట్టు పోలిగాడిని తిట్టడం మొదలుపెట్టింది. మేం బయట నిలబడి విన్నాం. పోలిగాడిని పట్టుకున్న పెద్దాయన ఓపిగ్గా ఆమె తిట్లన్నిటికీ జవాబిచ్చాడు. తర్వాత టీ తాగుతూ, "మా ఇళ్లల్లో మేమూ మరాఠీయే మాట్లాడతాం సార్, పద్యాలు తెలుగులో పాడతాం" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బంగారక్క, జుట్టు పోలిగాడు పెద్దవాళ్ల సభలో మోటు సరసం ఆడతారు. చిన్నపిల్లల బడి అని ముందే చెప్పండి. అంతేగానీ ఆ ఇద్దరినీ తీసేయమని మాత్రం అడగకండి. పిల్లలు మొదట దగ్గరయ్యేది రాముడికి కాదు, వాళ్లకే.

సర్కస్ సంగతికి వస్తాను. పేరున్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ నడిపారు. అంటే ఈ విద్య మన బడి ఆవరణకు కొత్తేం కాదు. పిల్లల్ని సర్కస్ కంపెనీల్లో పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు ఇచ్చింది. అందుకే ఎవరిని పిలిచినా ఆడేది పెద్దవాళ్లే అయి ఉండాలి, ఎత్తులూ నిప్పులూ వద్దు. మూడు బంతులు ఒకదాని వెంట ఒకటి ఎగరేసి పట్టుకునే ఆట చాలు. పిల్లలకు బంతుల బదులు చిన్న గుడ్డసంచుల్లో జొన్నలు పోసి కుడితే కింద పడినా దొర్లిపోవు. ఇంకా చిన్నపిల్లలకైతే పాత చున్నీ ముక్కలు ఇవ్వండి, గాల్లో నిదానంగా దిగుతాయి, పట్టుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

మా బడికి వచ్చినతను ఆట మధ్యలో రెండుసార్లు బంతి జారవిడిచాడు. వంగి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. తప్పు రాస్తే ఎర్ర ఇంకు పడుతుందని టెన్షన్ పడే పిల్లలు ఒక పెద్దమనిషి అందరి ముందూ పారేసి, సిగ్గుపడకుండా వంగి తీసుకోవడం చూశారు. మర్నాడు ఇంటర్‌వెల్‌లో వరండా అంతా జొన్నల సంచులే.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఒక కార్యక్రమానికి వచ్చిన బృందానికి మేం శాలువాలు కప్పి, బిల్లు తర్వాత పంపిస్తామన్నాం. రెండు నెలలు తిప్పాం. బస్సు చార్జీలు అప్పు చేసి వచ్చారని ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ నాకు బాధే. ముందు డబ్బు సర్దుకోండి, ఆట అయిన రోజే చేతికివ్వండి, ఆ తర్వాతే శాలువా.

ఇవాళ మాటలతో ఆపను. రెండు బొమ్మలు, ఒక తెల్లపంచె, ఒక బల్బు తెచ్చాను. భోజనాలయ్యాక ఆ చివరి గది కిటికీలు మూద్దాం. మొదట ఎవరు తెర వెనక్కి వస్తారో చేతులెత్తండి.