సెల్ఫ్ కొడితే మూలుగుతోందా?

అల్లుడు: వెనకాల సుత్తి చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. పర్లాకిమిడిలో మా మావయ్య షెడ్డులోనే కూర్చుని రికార్డు చేస్తున్నాం. ఇటు ఒడిశా బళ్ళు, అటు పాతపట్నం బళ్ళు, వైరింగ్ అనగానే ఇక్కడికే వస్తాయి. మావయ్యా, మా పాత మ్యాసీ 1035 ట్రాక్టరు సంగతి చెప్దామా?

మావయ్య: నువ్వే చెప్పు. పరువు నీది.

అల్లుడు: సరే. కోతల టైంలో తాళం తిప్పితే ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయేది. కొత్త బ్యాటరీ వేయించాను. మళ్ళీ అదే మూలుగు.

మావయ్య: నన్నొక్క మాట అడక్కుండా బ్యాటరీ కొనేశాడండీ!

అల్లుడు: టెస్ట్ లాంప్ పెడితే శుభ్రంగా వెలిగింది మరి. వైర్లు బాగున్నాయనుకున్నాను.

మావయ్య: అక్కడే అందరూ బోల్తా పడతారు. ఆ చిన్న బల్బుకి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు. ఇంజిన్ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా బల్బు వెలుగుతుంది, సెల్ఫ్ తిరగదు. లోడు పడ్డప్పుడు చూడాలి. ఆ రోజు నేను వోల్టు మీటరు కాళ్ళు రెండూ ఎక్కడ పెట్టాను?

అల్లుడు: ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద...

మావయ్య: క్లాంపు మీద కాదు, సీసం గుబ్బ మీద. రెండోది ఇంజిను బ్లాకు మీద, రంగు లేని చోట. అప్పుడు సెల్ఫ్ కొట్టమన్నాను.

అల్లుడు: 4 వోల్టులు చూపించింది.

మావయ్య: అర వోల్టు దాటకూడదు. ఉన్నవే 12, అందులో 4 దారిలోనే పోతే సెల్ఫ్‌కి ఏం మిగులుతుంది? ట్రాక్టరుకి లారీలా విడిగా చాసిస్ ఉండదు. ఇంజిను, గేర్‌బాక్సు కలిసిందే దాని ఒళ్ళు. సెల్ఫ్ లాగిన కరెంటంతా ఆ ఒంట్లోంచి, దాన్ని బ్యాటరీ మైనస్‌కి కలిపే ఎర్త్ పట్టీ మీదుగానే బ్యాటరీకి తిరిగి రావాలి.

అల్లుడు: ఆ పట్టీ కూడా కొత్తదే.

మావయ్య: పట్టీ కొత్తదే, రంగూ కొత్తదే! దసరాకి ముస్తాబు చేయించారు కదా. పట్టీ విప్పి, కింద ఇనుముకి కూడా రంగు కొట్టి, ఆ రంగు మీదే బోల్టు బిగించారు. కరెంటు ఆ బోల్టు మరలోంచి ఏదో ఈదుకుంటూ వచ్చేది. గీకితే పైన కొత్త ఎరుపు, కింద పాత ఎరుపు, ఆ తర్వాత గానీ ఇనుము తెల్లగా కనబడలేదు. రూపాయి బిళ్ళంత చోటు. బాగా రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాజ్‌లైన్ రాశాను. తుప్పు పట్టకుండా.

అల్లుడు: ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. బ్యాటరీ డబ్బులు మాత్రం పోయాయి.

మావయ్య: ట్రాలీ దీపాలదీ ఇదే గోల. వెనక్కి ఒకే వైరు లాగి, రెండోది కొక్కెం పిన్ను మీదుగా వస్తుందిలే అని వదిలేస్తారు. ఆ పిన్ను నిండా మట్టి, తుప్పు. గతుకు పడ్డప్పుడల్లా దీపం ఆరుతుంది, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు మినుకుమంటుంది. ఎర్త్‌కి విడిగా ఒక వైరు లాగితే పోయే పని. రాత్రి ధాన్యం బస్తాలతో వెళ్తున్నప్పుడు వెనకవాడికి కనబడాలా వద్దా?

అల్లుడు: మనవాళ్ళు స్క్రూడ్రైవరుతో స్టార్ట్ చేస్తారు, అది కూడా...

మావయ్య: దాని మీద నాకు ఒళ్ళు మంట. కింద నిలబడి సెల్ఫ్ మీద రెండు బోల్టులకీ అడ్డంగా పెడతారు. గేరులో ఉందో లేదో చూడరు. గేరులో ఉంటే స్టార్ట్ కానివ్వని న్యూట్రల్ స్విచ్ ఉన్న బండైనా సరే, స్క్రూడ్రైవరు పెట్టాక ఆ స్విచ్ లెక్కలోకి రాదు. పైగా డీజిల్ ఇంజిను. ఒకసారి అందుకుందంటే దానికి కరెంటుతో పని లేదు, మన పాత బండికి తాళం తీసినా ఆగదు, స్టాప్ నాబ్ లాగాల్సిందే. ఆ నాబ్ ఏమో పైన. నువ్వేమో కింద, పెద్ద చక్రం ముందు.

అల్లుడు: ...నేనూ రెండు మూడు సార్లు చేశాను.

మావయ్య: తెలుసు. సెల్ఫ్‌కి కరెంటు కలిపే సోలనాయిడ్ మీద కాలిన మచ్చలు చూశాను. మీ అమ్మకి చెప్పలేదంతే.