సర్దార్ ఉధమ్ రివ్యూ: ఏడుపు ఆగాక కూడా ఆగని సినిమా

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ చేస్తున్నది కొత్త సినిమా కాదు. 2021 అక్టోబర్‌లో థియేటర్ మొహం చూడకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చేసిన 'సర్దార్ ఉధమ్'. డైరెక్టర్ షూజిత్ సర్కార్, హీరో విక్కీ కౌశల్.

ఇన్నాళ్లకి దీన్ని ఎందుకు బయటికి తీశానంటే, దేశమంతా తలుచుకుని బాధపడే ఘటన మీద ఎవరు సినిమా తీసినా జనం ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది. "ఏడిపించేశాడు బాసూ!" అంతే, సినిమా పాసైపోయినట్టే. నాకు ఈ సర్టిఫికెట్‌తోనే పేచీ. జలియన్‌వాలా బాగ్ అన్న పేరు వింటేనే మనకి సగం గొంతు పట్టేస్తుంది. భోపాల్ అన్నా అంతే, 26/11 అన్నా అంతే. అంటే డైరెక్టర్ మొదటి షాట్ పెట్టకముందే మనం అడ్వాన్స్ ఇచ్చేశాం. తీసుకున్న అడ్వాన్స్‌కి ఏం పని చేశాడో అడగాలి కదా. ఊరికే వచ్చిన కన్నీళ్లకి ఎవరికైనా మార్కులు ఎందుకు వేయాలి?

స్పాయిలర్ల గొడవేమీ లేదిక్కడ. కథ చరిత్ర పుస్తకంలోనే ఉంది. 1919 ఏప్రిల్ 13, వైశాఖీ రోజు, అమృత్‌సర్. జనరల్ డయ్యర్ సైనికులు ఒక్క హెచ్చరిక కూడా లేకుండా జలియన్‌వాలా బాగ్‌లో ఉన్న జనం మీద సుమారు పది నిమిషాల పాటు 1650 రౌండ్లు కాల్చారు. చనిపోయినవాళ్లు 379 మంది అని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ లెక్క. కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా అంది. అప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్. డయ్యర్ చేసింది సరైన పనే అని వెనకేసుకొచ్చిన మనిషి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1940 మార్చి 13న, లండన్ క్యాక్స్‌టన్ హాల్లో ఆయన్ని ఉధమ్ సింగ్ కాల్చి చంపాడు. అదే ఏడాది జూలై 31న పెంటన్‌విల్ జైల్లో ఉరి తీశారు.

ఈ కథ మామూలుగా ఎలా తీస్తారో మీకూ తెలుసు. మొదట ఊచకోత, దాన్ని చూసిన కుర్రాడి కళ్లు క్లోజప్‌లో, ఒక ప్రతిజ్ఞ, ఇంటర్వెల్. తర్వాత లండన్, వేట, క్లైమాక్స్‌లో తూటా. థియేటర్లో ఈలలు. పగ తీరింది, మనం తేలికపడి ఇంటికెళ్తాం.

షూజిత్ సర్కార్ దీన్ని తిరగేశాడు. క్యాక్స్‌టన్ హాల్ కాల్పులు ఫస్టాఫ్‌లోనే అయిపోతాయి. అందులోనూ ఎలివేషన్ లేదు, స్లో మోషన్ గర్జనలు లేవు. ఒక మీటింగ్, ఒక పిస్తోలు, గందరగోళం, అరెస్ట్. తర్వాత ఇంటరాగేషన్, చిత్రహింసలు, భగత్ సింగ్ జ్ఞాపకాలు, ఓడ్వయర్ ఇంట్లోనే పనివాడిగా చేరి, చంపే అవకాశం చేతిలో ఉండి కూడా చంపకుండా వదిలేసిన రోజులు. అప్పుడు, అన్నీ అయ్యాక, సినిమా చివర్లో జలియన్‌వాలా బాగ్ వస్తుంది.

అప్పటికి మన చేతిలో పగ లేదు. దాన్ని ఫస్టాఫ్‌లోనే లాగేసుకున్నాడు. ఇంక దీనికి బదులుగా ఏదో జరుగుతుందిలే అని ఓదార్చుకునే దారి లేదు. ఉత్త చేతులతో కూర్చుని చూడాలి.

కాల్పులు చాలా దారుణంగా ఉంటాయి, నిజమే. కానీ అసలు సినిమా కాల్పుల తర్వాత మొదలవుతుందంటాను నేను. ఆ రాత్రి ఊళ్లో కర్ఫ్యూ. గాయపడ్డవాళ్లని తీసుకెళ్లడానికి అయినవాళ్లు కూడా రాలేని పరిస్థితి. ఇది కల్పన కాదు, చరిత్ర. ఆ చీకట్లోకి ఉధమ్ వస్తాడు. శవాల మధ్య ఎవరు ఊపిరి తీసుకుంటున్నారో వెతుక్కుంటూ, దొరికినవాళ్లని ఒక బండి మీద వేసుకుని లాక్కెళ్తాడు. దించుతాడు. మళ్లీ వస్తాడు. మళ్లీ లాక్కెళ్తాడు. మళ్లీ వస్తాడు. ఈ ఎపిసోడ్ మొత్తం అరగంట పైచిలుకే ఉంటుంది.

మొదట్లో ఏడుపొస్తుంది, అది సహజం. కాసేపటికి ఆగిపోతుంది. "ఇంక చాలు, కట్ చెయ్యి బాబూ" అనిపిస్తుంది. చేయడు. తర్వాత విసుగు లాంటిది వస్తుంది, ఆ విసుగు వచ్చినందుకు మనమీద మనకే కాస్త సిగ్గు. ఆ తర్వాత మిగిలేది ఒట్టి అలసట. విక్కీ కౌశల్ మొహంలో కూడా అప్పటికి దుఃఖం లేదు చూడండి. చేతులు పనిచేస్తున్నాయి, మనిషి ఎక్కడో ఉన్నాడు. మన పాత భాషలో చెప్పాలంటే కరుణ రసం, అంటే జాలి, దుఃఖం, దాటించి జుగుప్స పుట్టించే బీభత్సంలోకి తీసుకెళ్లి అక్కడే వదిలేశాడు. బీభత్సం దగ్గర కన్నీళ్లు రావు. అవిక్ ముఖోపాధ్యాయ్ కెమెరా కూడా మనల్ని ఏడిపించే పనేం పెట్టుకోదు, ఆ చీకట్లో ఆ కుర్రాడి వెంట నడుస్తుంది. సినిమాటోగ్రఫీకి నేషనల్ అవార్డ్ వచ్చింది, ఉత్తమ హిందీ చిత్రంగా కూడా వచ్చింది.

ఇలా ఊచకోతని ఆఖరికి దాచిపెట్టిన సినిమా ఇంకోటి ఉంది. పోలండ్ దర్శకుడు ఆంద్రె వైదా 2007లో తీసిన 'కాటిన్'. 1940లో సోవియట్ పోలీసులు దాదాపు 22,000 మంది పోలిష్ అధికారుల్ని, ఖైదీల్ని కాల్చి చంపి గోతుల్లో పూడ్చేశారు. చేసింది మేమేనని మాస్కో ఒప్పుకోవడానికి 1990 దాకా పట్టింది. వైదా నాన్న కూడా ఆ చనిపోయిన అధికారుల్లో ఒకరు. అలాంటి కొడుకు సినిమా తీస్తే ఎంత ఏడిపించాలి చెప్పండి! ఆయన మాత్రం సినిమా మొత్తం బతికున్న ఆడవాళ్ల చుట్టూ తిప్పుతాడు. భర్త వస్తాడేమోనని చూసే భార్య, అబద్ధాన్ని ఒప్పుకోనని మొండికేసే చెల్లెలు. చివర్లో మాత్రం ఒకరి తర్వాత ఒకరిని చంపడం చూపిస్తాడు, ఫ్యాక్టరీలో పని జరిగినట్టు. ఆ తర్వాత తెర నల్లబడిపోతుంది. సర్కార్ అది చూసి ఇది తీశాడని నేననట్లేదు. రెండూ ఒకే పని చేశాయంటున్నాను. ఏమైందో తెలిసిన ప్రేక్షకుడిని కూడా ఏమైందో చూడక తప్పని చోట నిలబెట్టాయి.

సరే, మన వైపు చూద్దాం. 2022లో వచ్చిన 'మేజర్' మీలో చాలామంది థియేటర్లోనే చూసుంటారు. 26/11 దాడుల్లో తాజ్ హోటల్లో పోరాడుతూ 31 ఏళ్లకే ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ కథ. అడివి శేష్ హీరో, శశికిరణ్ తిక్క డైరెక్టర్. అక్కడ వచ్చే ఏడుపు వేరు. అది ఉప్పొంగే ఏడుపు. పక్క సీటువాడు ముక్కు ఎగబీలుస్తుంటే మనకీ ఆగదు, ఆఖర్న అందరూ లేచి చప్పట్లు కొడతారు.

ఇలా కలిసి ఏడవడం మీద ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో సైకాలజిస్ట్ రాబిన్ డన్‌బార్ బృందం 2016లో ఒక ప్రయోగం ప్రచురించింది. కొంతమందికి నిజజీవితం ఆధారంగా తీసిన విషాద చిత్రం చూపించారు, ఇంకొంతమందికి మ్యూజియం గురించీ, భూగర్భ శాస్త్రం గురించీ డాక్యుమెంటరీలు. ముందూ వెనకా అందరితో ఏం చేయించారో తెలుసా? గోడకుర్చీ! మన బళ్లో వేయించేవారే, అదే. విషాదం చూసినవాళ్లు సగటున ఎక్కువసేపు నొప్పి ఓర్చుకున్నారు, కలిసి చూసినవాళ్లతో దగ్గరితనం కూడా పెరిగిందన్నారు. కలిసి పాడినప్పుడు, కలిసి నవ్వినప్పుడు ఒంట్లో నొప్పిని తగ్గించే ఏ ఎండార్ఫిన్లు అనే రసాయనాలు పనిచేస్తాయో ఇక్కడా అవే కారణమని వాళ్ల అంచనా. ఇంకో సంగతి, విషాదం చూసిన అందరిలోనూ ఈ మార్పు రాలేదు. కథ తాకినవాళ్లలోనే వచ్చింది.

'మేజర్' థియేటర్లో జరిగింది అదేనని నా నమ్మకం. తప్పేం లేదు. ప్రకాష్ రాజ్, రేవతి ఆ తల్లిదండ్రుల పాత్రల్లో ఉన్న ప్రతి సీనూ నాకు నచ్చింది, చివర్లో ప్రకాష్ రాజ్ మాట్లాడుతుంటే నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. కానీ తాజ్ లోపలి ఆఖరి పోరాటం మన మాస్ సినిమా ఫైట్‌లాగే తీశారు. అక్కడ నాకు సందీప్ మాయమై హీరో కనపడ్డాడు. నిజంగా ప్రాణం పోయిన చోట ఎలివేషన్ మ్యూజిక్ వేస్తే, ఏడుపు వస్తుంది గానీ చావు కనపడదు.

'సర్దార్ ఉధమ్'కి ఈ జనం తోడు లేదు. ఇంట్లో, టీవీ ముందు, మహా అయితే ఇద్దరు ముగ్గురు. చప్పట్లు కొట్టి దులిపేసుకోవడానికి వీల్లేదు. థియేటర్ లేకపోవడం ఈ సినిమాకి మేలే చేసిందేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

భోపాల్ మీద 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది రైల్వే మెన్' గురించి ఒక్క మాట. నాలుగు ఎపిసోడ్లు, కేకే మేనన్, మాధవన్ ప్రాణం పెట్టారు. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు లీకైతే స్టేషన్‌లో రైల్వే వాళ్లు జనాన్ని ఎలా కాపాడారన్నది కథ. ఉత్కంఠ బాగుంటుంది, సహాయం అందగానే హమ్మయ్య అని కళ్లు తుడుచుకుంటాం. ఆ హమ్మయ్య దగ్గరే నాకు అనుమానం. 1989లో కంపెనీ, మన ప్రభుత్వం 47 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్ చేసుకున్నాయి. ఆ ఫ్యాక్టరీలో పడున్న 337 టన్నుల విషపు చెత్తని అక్కడి నుంచి మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కి తరలించింది ఎప్పుడో తెలుసా? 2025 జనవరిలో. సిరీస్ వచ్చినప్పుడు కూడా ఆ చెత్త అక్కడే ఉంది. మనం ఏడ్చి లేచాం.

ఇప్పుడు కోపం సంగతి. ఇలాంటి సినిమాల నుంచి ఏడుపు ఒక్కటే రాదు. ఏడుపు చివర్న ఎవరినో ఒకరిని కొట్టాలనిపించే ఆవేశం కూడా వస్తుంది, అది తెర మీద ఉన్నవాళ్ల మీద ఆగకుండా పక్క వీధివాళ్ల మీదికి పోయిన సందర్భాలూ చూశాం. 'సర్దార్ ఉధమ్' మీద కూడా ఆ మాట వచ్చింది. 2021లో ఆస్కార్‌కి మన దేశం తరఫున సినిమా ఎంపిక చేసిన జ్యూరీలో ఒకరు, ఇది బ్రిటిష్ వాళ్ల మీద మన ద్వేషాన్ని చూపిస్తోంది అన్నారు. నిడివి ఎక్కువైందని కూడా అన్నారు. ఆ ఏడాది తమిళ సినిమా 'కూళంగల్' వెళ్లింది, అదీ మంచి సినిమానే, దాని మీద నాకేం గొడవ లేదు. కానీ ద్వేషం ఎక్కడుంది సార్ ఇందులో? ఉధమ్ సింగ్ కోర్టులోనే చెప్పాడు, ఇంగ్లిష్ ప్రజల మీద నాకేమీ లేదు, ఇక్కడి కార్మికులంటే నాకు ఎంతో సానుభూతి, నేను వ్యతిరేకించేది సామ్రాజ్యవాద ప్రభుత్వాన్ని అని. సినిమా ఆ గీత ఎక్కడా దాటలేదు. మూడు మతాల పేర్లూ కలిపి రామ్ మహమ్మద్ సింగ్ ఆజాద్ అని పేరు చెప్పుకున్న మనిషి కథలో ద్వేషం వెతకడం ఏంటో నాకర్థం కాలేదు. అన్నట్టు, జలియన్‌వాలా బాగ్ జరిగిన వందేళ్లకి, 2019లో, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో తీవ్ర విచారం అన్నారు. క్షమాపణ అన్న మాట రాలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి గంటలో కాలం ముందుకీ వెనక్కీ గెంతుతుంటుంది. 1931 నుంచి 1934కి, అక్కడి నుంచి 1940కి, తేదీలు పట్టుకోలేక మధ్యలో ఫోన్ చూసేవాళ్లని నేను తప్పు పట్టను. లండన్‌లో గూఢచారి సినిమా లాంటి భాగం చల్లగా, పొడిగా ఉంది. బనితా సంధు చేసిన రేష్మా పాత్ర అయితే సూటిగా ఏడిపించడానికే పెట్టింది. మాటలు రాని అమ్మాయి, అమాయకమైన ప్రేమ, తర్వాత ఆ అమ్మాయి ఎక్కడుందో మనం ముందే ఊహించేస్తాం. అంత నిజాయితీ ఉన్న దర్శకుడికి ఈ ఊతకర్ర ఎందుకో. పైగా ఉధమ్ సింగ్ ఆ రోజు బాగ్‌లో ఉన్నాడా లేడా అన్నదాని మీద చరిత్రకారుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ఆ రాత్రి బండి లాగింది ఉధమే అన్నది సినిమా ఊహ. ఆ రాత్రి, ఆ కర్ఫ్యూ, అక్కడే పడున్న గాయపడ్డవాళ్లు నిజం.

ఆ ఊహ నాకు అభ్యంతరం కాదు. నార్వేలో ఉటోయా ద్వీపంలో 2011 జూలై 22న జరిగిన కాల్పుల మీద ఎరిక్ పొప్పె 2018లో సినిమా తీశాడు. అక్కడ 69 మంది పోయారు, వాళ్లలో చాలామంది టీనేజ్ పిల్లలు. పాత్రలన్నీ కల్పితం. కానీ కాల్పులు నిజంగా సాగిన 72 నిమిషాలనీ ఒకే షాట్‌లో తీశాడు. హంతకుడు సరిగా కనపడనే కనపడడు. దూరంగా ఒక నీడ, తుపాకీ మోత. అదే ఏడాది అదే ఘటన మీద పాల్ గ్రీన్‌గ్రాస్ కూడా నెట్‌ఫ్లిక్స్‌కి ఒక సినిమా తీశాడు, అందులో హంతకుడికి మొహం ఉంది, మాటలు ఉన్నాయి, కోర్టులో విచారణ ఉంది. రెండిట్లో ఎక్కువ ఏడుపొచ్చేది ఏదంటే గ్రీన్‌గ్రాస్‌దే. నేను మళ్లీ చూడలేనిది మాత్రం పొప్పెది.

సరే, ఎవరు చూడాలి? చిన్నపిల్లలు ఇంట్లో తిరుగుతుండగా పెట్టకండి, చివరి గంట పెద్దవాళ్లకే కష్టం. రెండు గంటల నలభై నిమిషాల సినిమా. మొదటి గంట ఓపిక పట్టండి, తేదీలు గుర్తుపెట్టుకోకపోయినా ఏం కాదు. బాగ్ సీన్ వచ్చాక మాత్రం పది సెకన్లు ముందుకి జరిపే బటన్ జోలికి వెళ్లొద్దు, బండి మళ్లీ వచ్చినా సరే. స్టార్ రేటింగ్ అడుగుతారని తెలుసు, ఐదుకి నాలుగు. ఆ పోయిన ఒకటి రేష్మా ఖాతాలో.